పట్టకారు జారిన రాత్రి

గెంట్‌లో నవంబరు వాన.
ఈ గదిలోకి దాని చప్పుడు కూడా రాదు.
పసుపు దీపాల కింద, తెల్ల సూట్లలో
అందరం ఒక్కలాగే ఉంటాం,
కళ్ళు మాత్రం ఎవరివి వాళ్ళవి.
ఇరవై ఆరేళ్ళుగా నా పని చెక్కడం.
ఉలి లేదు, ప్లాస్మా ఉంది.
గోరంత పలకలో
కంటికానని మూడుమూలల బెజ్జాలు,
వేలకు వేలు.

ఆ రాత్రి పలక హాడెవిక్‌ది.
దాని వెనక మూడేళ్ళు, పనిచెయ్యని నాలుగు పలకలు,
తినడం మరిచిపోయిన ఎన్నో మధ్యాహ్నాలు.
"జాగ్రత్త, గోడెలీవ్" అంది,
నాతో అనక్కర్లేని మాట.
అన్నందుకే కాబోలు
పట్టకారు జారింది.

సూక్ష్మదర్శిని కింద చూశాను:
వెంట్రుకలో వందోవంతు గీత,
సరిగ్గా త్రికోణపు ఎడమ అంచు మీద.
రెండు బెజ్జాలు ఒకటైపోయాయి.
నేను చెప్పలేదు.
డబ్బాలో పెట్టి, మూత నొక్కి,
ఆమె పేరు గుండ్రంగా రాసి ఇచ్చాను.

మా అమ్మ బ్రూజ్‌లో లేసు అల్లేది.
ఒళ్ళో దిండు, దిండు మీద గుండుసూదులు,
నలభై కండెలు ఒకదాన్నొకటి తాకుతూ
వడగళ్ళ చప్పుడు.
"దారాన్ని కాదే, బెజ్జాన్ని అల్లాలి" అనేది.
ఒక్క సూది పక్కకి పడితే
సాయంత్రమంతా విప్పించేది.
తప్పంటే విప్పాల్సిందే అని
నా వేళ్ళకి అప్పుడే తెలుసు.

హాడెవిక్ చెప్పింది ఒకసారి, కాఫీ యంత్రం దగ్గర:
ఇటు బెజ్జాల మొనలు పైకి, అటు కిందికి.
ఈ కాంతికి ఇటూ చోటులేదు, అటూ చోటులేదు.
రెండు ఊళ్ళూ రానివ్వనిది
పొలిమేరలో కాపురం పెడుతుంది.
మూల వస్తే మామూలు కాంతి
తల బాదుకుని చెదిరిపోతుందట.
ఇది మాత్రం కోరెన్‌మార్క్ట్ దగ్గర ట్రాములా తిరుగుతుందట,
కీచుమనకుండా.
లెక్కలో ఎక్కడో మారని అంకె ఒకటుంది,
సాగదీసినా నలిపినా మారదు అంది.
"తెంపితే?" అన్నాను.
"తెంపితే వేరే సంగతి."

గురువారం కొలత.
చీకటి గదిలో బల్ల, బల్ల మీద అద్దాలు,
అద్దాల చివర నా గీత.
శక్తి పెంచుతూ పోయింది.
తెర మీద బూడిద.
ఇంకాస్త. బూడిదే.
నా అరచేతుల్లో చెమట.
ఇంకాస్త,
మూడు అంచులూ ఒక్కసారి వెలిగాయి.
దుమ్ము రేణువంత లేజరు.
పక్క తెర మీద ఒకే ఒక్క గీటు,
సూదిలా నిటారుగా.

గీత దగ్గర కాంతి కొంచెం ఉబ్బింది,
రాయి దగ్గర నీళ్ళు సర్దుకున్నట్టు,
అంతే, ముందుకు పోయింది.

"ఇదేమిటి?" బొమ్మ పెద్దది చేసింది హాడెవిక్.
నవ్వింది. "ఎంత బాగుంది!
లోపం కావాలనే పెట్టామని రాసుకోవచ్చు."
ఆ గదిలో నాకు ముసుగు లేదు.
"పట్టకారు" అన్నాను. "నాదే."
చాలాసేపు బల్ల కింద పంకా ఒక్కటే మాట్లాడింది.

అన్ని గాయాలకీ ఇది కుదరదు.
ఇంకొంచెం లోతుగా దిగితే
నా పేరు చెత్తబుట్టలో ఉండేది, ఆమె ఏడాదితో పాటు.
నాకది తెలుసు. అమ్మ సూదులు నాలో
ఇంకా అట్లాగే గుచ్చుకుని ఉన్నాయి.

వ్యాసం అచ్చయింది వేసవిలో.
మూడో బొమ్మ కింద ఉంది:
"తయారీలో పొరపాటున పడిన గీత."
"కావాలనే" అని రాయమని ప్రొఫెసర్ రెండుసార్లు అడిగాడట.
ఆమె మార్చలేదట.
చివర కృతజ్ఞతల్లో నా పేరుంది,
ఒక అక్షరం జారిపోయి.

దిద్దనా అని హాడెవిక్ అడిగింది.
వద్దన్నాను.